పైలట్ కొలువు: లైసెన్సుకూ మొదటి జీతానికీ మధ్య
సందేహాలు – సమాధానాలు

పైలట్ జీతాల మీద ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సారపాక, భద్రాచలం, మణుగూరు, పాల్వంచ వైపు నుంచే ఉన్నాయి. కొత్తగూడెం దగ్గర విమానాశ్రయం వస్తుందన్న మాట ఏళ్ల తరబడి నలుగుతోంది. రన్‌వే రాకపోయినా పైలట్ కావాలన్న కోరిక మాత్రం ఇళ్లలోకి వచ్చేసినట్టుంది. కొన్ని ఉత్తరాలను కుదించి ఇక్కడ ఇస్తున్నాను.

*

ప్రశ్న: మాది సారపాక. పేపర్ బోర్డు ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. మావాడు ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసయ్యాడు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే, యాభై లక్షలు కడితే ఏడాదిన్నరలో పైలట్‌ను చేస్తామని, చేరిన నెల నుంచే రెండు మూడు లక్షల జీతమని చెప్పారు. పీఎఫ్ తీసి, ఇల్లు బ్యాంకులో పెట్టి కట్టేద్దామని మా ఆవిడ అంటోంది. బావమరిది వద్దంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక తండ్రి, సారపాక

జవాబు: రెండు మూడు లక్షల జీతం అబద్ధం కాదు. పెద్ద విమాన సంస్థలో కో-పైలట్‌గా కుదురుకున్నాక ఆ మాత్రం వస్తుంది. అయితే ఆ ‘చేరిన నెల’ ఎప్పుడొస్తుందో కన్సల్టెన్సీవాళ్లు మీకు చెప్పలేదు. మీరు అడిగి ఉండరు కూడా.

మీవాడు ముందు దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వైద్య పరీక్ష పాసవ్వాలి. తర్వాత నేవిగేషన్, వాతావరణం, విమానయాన నిబంధనలు, టెక్నికల్ పేపర్లు, రేడియో పరీక్ష రాయాలి. 200 గంటలు ఎగరాలి. ఇవన్నీ అయ్యాక చేతికి వచ్చేదే సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు. ఏడాదిన్నర అనేది వానలు పడకుండా, విమానం షెడ్డుకు వెళ్లకుండా, నేర్పే ఇన్‌స్ట్రక్టర్ మధ్యలో ఉద్యోగం మారకుండా ఉంటే పట్టే కాలం. రెండేళ్ల నుంచి రెండున్నరేళ్లు అనుకుని లెక్క వేసుకోండి. అప్పటికీ అతను ఎయిర్‌బస్ 320 గానీ బోయింగ్ 737 గానీ నడపలేడు. అందుకు టైప్ రేటింగ్ అని ఇంకో శిక్షణ ఉంది. దానికి ఇంచుమించు 15 నుంచి 25 లక్షలు అవుతుంది. ఆ ఖర్చు చాలాసార్లు అభ్యర్థి నెత్తినే పడుతుంది. యాభై లక్షల్లో అది కలిసి ఉందా అని ఫోన్ చేసి ఒక్క మాట అడగండి.

ఇక నిరీక్షణ. 2023లో మన దేశంలో 1,622 మందికి సీపీఎల్ ఇచ్చారు. అప్పటికి అదే రికార్డు. విమాన సంస్థలు మాత్రం ఏటా ఇంతమందిని అని తీసుకోవు. కొత్త విమానాలు వచ్చినప్పుడు ఒక్కసారిగా తీసుకుంటాయి, ఆ తర్వాత తలుపు మూసేస్తాయి. మీవాడు లైసెన్సు పట్టుకుని బయటికి వచ్చేసరికి తలుపు తెరిచి ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. మీ వైపు జామాయిల్ వేసే రైతుకు ఇది కొత్త సంగతి కాదు. నాలుగేళ్ల తర్వాత నరికే రోజున టన్ను రేటు ఎంత ఉంటుందో నాటిన రోజున అతనికీ తెలియదు. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది. 2023 మే నెలలో గో ఫస్ట్ ఆగిపోయింది. అలాంటప్పుడు వేల గంటలు ఎగిరిన పైలట్లు వందలమంది ఉద్యోగాల కోసం బయటికి వస్తారు. అదే వరసలో 200 గంటల కుర్రాడు వాళ్ల వెనక నిలబడాలి.

చేరాక కూడా మొదట ట్రైనీగానే చేరతాడు. 2023 ఏప్రిల్‌లో ఎయిర్ ఇండియా ప్రకటించిన జీతాల పట్టికలో సీనియర్ కమాండర్‌కు నెలకు స్థిర జీతం 8.5 లక్షలు, ట్రైనీ పైలట్‌కు 50 వేలు. పత్రికల్లో పెద్దక్షరాల్లో వచ్చేది మొదటి అంకె. మీ ఇంటికి ముందు వచ్చేది రెండోది.

ఇప్పుడు అప్పు సంగతి చూద్దాం. 50 లక్షలకు ఏటా 11 శాతం వడ్డీ అనుకుంటే నెలకు వడ్డీయే దాదాపు 46 వేలు. రెండున్నరేళ్లు కట్టకుండా వదిలేస్తే 13 లక్షల 75 వేలు దాని మీద చేరుతుంది. విడతలుగా తీసుకుంటే కొంత తగ్గుతుంది, అంతే. ఆ తర్వాత 64 లక్షల అప్పును పదేళ్లలో తీర్చాలంటే నెలకు 88 వేలు కిస్తీ. ట్రైనీ జీతం 50 వేలు. మిగిలిన 38 వేలు ఎవరు కడతారు? అతను ఢిల్లీలోనో ముంబైలోనో గది అద్దెకు తీసుకుని తినే తిండి ఇంకా లెక్కలోకి రాలేదు.

ఇల్లు తాకట్టు విషయం కూడా మీ ఊరికి ప్రత్యేకం. మామూలుగా ఏడున్నర లక్షలు దాటిన విద్యా రుణానికి బ్యాంకు ఆస్తి హామీ అడుగుతుంది. మీది ఏజెన్సీ. భూమి గిరిజనుల మధ్యే చేతులు మారాలనే 1/70 చట్టం ఉన్న చోట గిరిజనేతరులు తెల్లకాగితం మీద రాయించుకుని కొన్న స్థలానికి రిజిస్ట్రేషన్ ఉండదు. ఆ కాగితాన్ని బ్యాంకు మేనేజరు పక్కన పెడతాడు. స్థలం గిరిజన కుటుంబానిదే అయినా, బాకీ తీరకపోతే కొనేవాడు కూడా గిరిజనుడే అయి ఉండాలి కాబట్టి బ్యాంకులు వెనకాడతాయి. అప్పుడు కన్సల్టెన్సీవాళ్లే ‘మాకు తెలిసిన ఫైనాన్స్ ఉంది’ అంటారు. ఆ ఫైనాన్స్ వడ్డీకి పైన చెప్పిన లెక్క ఏదీ సరిపోదు.

నా మాట వింటే పీఎఫ్ ముట్టుకోకండి. ముందు వైద్య పరీక్ష చేయించండి. డీజీసీఏ పేపర్లు ఫ్లయింగ్ స్కూల్లో చేరకముందే ఇంట్లో చదివి రాయవచ్చు. కుర్రాడిని డిగ్రీలో చేర్పించి, పక్కన అవి రాయించండి. ఇంతవరకు ఖర్చు వేలల్లోనే ఉంటుంది. నేవిగేషన్, వాతావరణం పేపర్లు పాసయ్యాడంటే అతని కోరిక గట్టిదే. అప్పుడు ఇంట్లో కూర్చుని ఒక్క ప్రశ్న వేసుకోండి: మూడు, నాలుగేళ్లు అతని జీతం ఒక్క రూపాయి రాకపోయినా ఇల్లు గడిచి, అప్పు కిస్తీ కట్టగలమా? కట్టగలిగితే పంపండి. ఫీజు మొత్తం ఒకేసారి మాత్రం కట్టవద్దు. ఎగిరిన గంటలను బట్టి విడతలుగా తీసుకునే స్కూలునే చూడండి. కట్టలేమనుకుంటే మీ బావమరిది మాటే సరైనది.

*

ప్రశ్న: సార్, నేను కోయ అమ్మాయిని. మాది దుమ్ముగూడెం మండలం. గురుకులంలో ఇంటర్ ఎంపీసీ చదువుతున్నాను. నాన్నకు మూడెకరాల పోడు ఉంది. పైలట్ కావాలని ఉంది. ప్రభుత్వం చదివిస్తుందా? మాలాంటివాళ్లు ఎవరైనా అయ్యారా?
– విద్యార్థిని

జవాబు: అయ్యారమ్మా, మీ అడవికి అవతలే. భద్రాచలం నుంచి చింతూరు, మోటు మీదుగా పోతే ఒడిశాలో మల్కన్‌గిరి జిల్లా వస్తుంది. అక్కడి ఆదివాసీ అమ్మాయి అనుప్రియా లక్రా 2019లో ఇండిగోలో కో-పైలట్ అయింది. తండ్రి ఒడిశా పోలీసు శాఖలో హవల్దారు. ఆమె 2012లో ఇంజనీరింగ్ మధ్యలో మానేసి భువనేశ్వర్‌లో శిక్షణలో చేరింది. పత్రికలు ఆమె యూనిఫాం ఫొటో వేశాయి. నాకు మాత్రం ఆ రెండు తేదీల మధ్య ఉన్న ఏడేళ్లు కనిపిస్తాయి. ఆ ఏడేళ్లు ఒక హవల్దారు జీతం మీద గడిచాయి.

హైదరాబాద్ పాతబస్తీ అమ్మాయి సల్వా ఫాతిమా సంగతి కూడా తెలుసుకో. తండ్రి బేకరీలో పనిచేసేవారు. ‘సియాసత్’ ఉర్దూ దినపత్రిక సంపాదకుడు జాహిద్ అలీఖాన్ చేయూతతో ఆమె బేగంపేటలోని ఏవియేషన్ అకాడమీలో చేరింది. 2013 నాటికి సీపీఎల్ వచ్చింది. ఉద్యోగం మాత్రం రాలేదు. రెండు ఇంజన్ల విమానం మీద శిక్షణ, టైప్ రేటింగ్ లేకుండా విమాన సంస్థలో ఎగరలేరు, వాటికి మళ్లీ లక్షలు కావాలి. చివరికి రాష్ట్ర ప్రభుత్వం సాయం చేశాకే ఆమె బండి ముందుకు కదిలింది. లైసెన్సు దాకా తీసుకెళ్లి అక్కడ వదిలేసే సాయం సగం సాయమే.

కాబట్టి సోమవారం భద్రాచలం ఐటీడీఏలో గిరిజన దర్బార్‌కు వెళ్లినప్పుడు ‘పైలట్ శిక్షణకు డబ్బిస్తారా’ అని మాత్రమే అడగవద్దు. మల్టీ ఇంజన్, పరికరాలు చూసి నడిపే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, టైప్ రేటింగ్ అన్నీ కలిపి మంజూరు చేస్తారా అని దరఖాస్తులో రాసి, రశీదు తీసుకో. నోటిమాటగా చెప్పిన హామీ ప్రాజెక్టు ఆఫీసరు బదిలీతో పోతుంది.

నీకు ఇంకో దారి ఉంది, నా దృష్టిలో అదే మొదటిది. భారత వాయుసేన. 2022 నుంచి సైనికాధికారుల శిక్షణ సంస్థ ఎన్‌డీఏలో అమ్మాయిలను తీసుకుంటున్నారు. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉంటే ఫ్లయింగ్ విభాగానికి రాయవచ్చు. పరీక్ష ఏటా రెండుసార్లు ఉంటుంది, వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర. డిగ్రీ అయ్యాకైతే వాయుసేన సొంత పరీక్ష ఏఎఫ్‌క్యాట్ ఉంది. చదువు, తిండి, విమానం, పెట్రోలు అన్నీ వాళ్లవే. పైగా హైదరాబాద్ పక్కనే దుండిగల్ అకాడమీలో శిక్షణ పొందే క్యాడెట్లకు నెలకు 56,100 రూపాయల స్టయిపెండ్ ఇస్తారు. బయట పిల్లలు నేర్చుకోవడానికి గంటకు వేల రూపాయలు కడుతుంటే, ఇక్కడ నేర్చుకున్నందుకు మనకే ఇస్తారు. సీటు దొరకడం తేలిక కాదు. పైలట్ ఎంపిక కోసం పెట్టే కంప్యూటర్ పరీక్ష జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. ఇంగ్లిష్ మాట్లాడటం ఇప్పటినుంచే అలవాటు చేసుకో. లెక్కలు మీ గురుకులం మాస్టారు చూసుకుంటారు.

*

ప్రశ్న: నాకు సీపీఎల్ వచ్చి ఏడాది దాటింది. ఉద్యోగం లేదు. ఒక ఫ్లయింగ్ స్కూల్లో అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్‌గా రమ్మంటున్నారు. స్థిర జీతం చాలా తక్కువ, మిగతాది ఎగిరిన గంటలను బట్టి ఇస్తారట. ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ ఖర్చు నాదే. రెండేళ్ల బాండ్ రాయాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టాలి. నాన్న కేటీపీఎస్‌లో రిటైరయ్యారు. ఇంకా ఆయన పింఛను మీద బతకడం సిగ్గుగా ఉంది. చేరమంటారా?
– ఒక యువతి, పాల్వంచ

జవాబు: సిగ్గు పడాల్సింది మీరు కాదమ్మా. చదువుకు యాభై లక్షలు పెట్టించుకుని, చదివినవాళ్లను ఇంకో రెండేళ్లు ఖాళీగా కూర్చోబెట్టే పద్ధతి సిగ్గుపడాలి. 1947లో లైసెన్సు తీసుకున్న ప్రేమ్ మాథుర్‌ను ఎనిమిది విమాన కంపెనీలు ఆడపిల్లవని వెనక్కి పంపాక, హైదరాబాద్‌కు చెందిన డెక్కన్ ఎయిర్‌వేస్ కో-పైలట్‌గా తీసుకుంది. ఈ కాలం పిల్లలను వెనక్కి పంపడానికి కారణం కూడా చెప్పడం లేదు. ‘మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది’ అని ఒక మెయిల్ వస్తుంది, అంతే.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇన్‌స్ట్రక్టర్ జీతం ఎందుకు తక్కువో ముందు చూద్దాం. ఫ్లయింగ్ స్కూల్లో డబ్బు లెక్క చక్రాల కింద అడ్డు పెట్టే చాక్స్ తీసినప్పుడు మొదలై, తిరిగి పెట్టినప్పుడు ఆగుతుంది. ఎగరడానికి ముందు అరగంట బోర్డు మీద గీసి చెప్పడం, దిగాక తప్పులు కూర్చోబెట్టి చెప్పడం, మబ్బు విడుస్తుందేమోనని ఉదయం ఆరు నుంచి పదకొండు దాకా హ్యాంగర్ ముందు కూర్చోవడం, లాగ్‌బుక్కులు దిద్దడం, వీటిలో దేనికీ గంట తిరగదు. నేను నేర్పిన రోజుల్లో పన్నెండు గంటలు ఏరోడ్రోమ్‌లో ఉండి రెండు గంటల డబ్బులతో ఇంటికి వెళ్లిన రోజులు ఉన్నాయి. జూలై, ఆగస్టుల్లో అవి కూడా ఉండవు.

స్కూలు యజమానికి కూడా ఒక ధైర్యం ఉంది. ఉద్యోగం లేని సీపీఎల్ పిల్లలు బయట వందల్లో ఉన్నారు, ఎంత ఇచ్చినా వస్తారని అతనికి తెలుసు. అలా వచ్చినవాళ్లు విమాన సంస్థ నుంచి పిలుపు రాగానే వెళ్లిపోతారు. సగం గంటలు పూర్తయిన విద్యార్థులు ఇన్‌స్ట్రక్టర్ లేక ఆగిపోతారు. వాళ్ల ఏడాదిన్నర కోర్సు మూడేళ్లవుతుంది, వాళ్ల తండ్రులు అదనపు వడ్డీ కడతారు. సారపాక తండ్రికి పైన చెప్పిన ఆలస్యం సగం ఇక్కడే పుడుతోంది. 2025లో డీజీసీఏ ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టింది. మొదటి జాబితాలో పై రెండు గ్రేడ్లు, అంటే ఎ ప్లస్, ఎ, ఒక్క స్కూలుకూ రాలేదు. నాకు ఆశ్చర్యం వేయలేదు.

గంటకు డబ్బులిచ్చే పద్ధతిలో ఇంకో ప్రమాదం ఉంది. దాన్ని ఎవరూ బాండులో రాయరు. ఆ నెల అద్దెకు ఇంకా నాలుగు గంటలు తక్కువ పడ్డ ఇన్‌స్ట్రక్టర్, మబ్బు కిందికి దిగి ఉన్న రోజున ‘ఒక రౌండు వేసొద్దాం’ అనుకుంటాడు. పక్క సీట్లో ఉన్న పిల్లవాడికి కాదనే అనుభవం ఉండదు. నేర్పేవాడికి నెల జీతం స్థిరంగా ఇస్తే, ఈ రోజు ఎగరం అని చెప్పే స్వేచ్ఛ కూడా అతనికి ఇచ్చినట్టే.

చేరాలా వద్దా? అమెరికాలో అయితే చేరమని కళ్లు మూసుకుని చెప్పేవాణ్ని. అక్కడ విమాన సంస్థలో కూర్చోవాలంటే మామూలుగా 1,500 గంటలు ఉండాలి, ఇన్‌స్ట్రక్టర్ పనే అందుకు నిచ్చెన. మన దగ్గర సంస్థలు 200 గంటల సీపీఎల్‌తోనే తీసుకుంటాయి. మీరు నేర్పిన 600 గంటలకు ఇంటర్వ్యూలో ఆ మేరకు విలువ కట్టరు. అయినా లాభాలున్నాయి. చేయి తుప్పు పట్టదు. ఏటా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ బతికించుకోవడానికి విమానం అద్దెకు తీసుకునే అవసరం తగ్గుతుంది. ముందుముందు కెప్టెన్ కావడానికి కావలసిన ఏటీపీఎల్‌కు 1,500 గంటలు కావాలి, ఇవి అందులో పడతాయి. ఇంకో మాట, విమానం నడపడం నిజంగా అర్థమయ్యేది ఇంకొకరికి నేర్పినప్పుడే.

అందుకని బేరం ఆడండి. నెలకు కనీసం ఇన్ని గంటలకు డబ్బు ఇస్తామని, వాన పడినా ఇస్తామని రాయించుకోండి. ఎగరగలిగే స్థితిలో ఎన్ని విమానాలు ఉన్నాయో హ్యాంగర్‌లోకి వెళ్లి స్వయంగా చూడండి, బ్రోచరులో ఉన్న సంఖ్య వేరు, ఇంజన్ ఉన్న విమానాల సంఖ్య వేరు. రేటింగ్ ఖర్చు మీదైతే బాండ్ ఎందుకు? వాళ్లు ఖర్చు పెడితే బాండ్ అడిగే హక్కు ఉంది, అదీ ఏడాది, నెలనెలా తగ్గే మొత్తంతో. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వవద్దు. రేపు విమాన సంస్థ పిలిస్తే ఆ కాగితాల కోసం వాళ్ల గుమ్మం ముందు నిలబడాల్సి వస్తుంది. ఈ రెండూ, అంటే కనీస గంటలు, సర్టిఫికెట్లు, ఒప్పుకోని స్కూలుకు వెళ్లకండి.

*

ప్రశ్న: మాది మణుగూరు. మా అబ్బాయి ఎనిమిది నెలల కింద విమానాల కంపెనీలో కో-పైలట్‌గా చేరిండు. చుట్టాలంతా ‘నీ కొడుక్కి నెలకు ఐదు లక్షలంట గదా’ అంటున్నరు. వాడేమో ఇంటికి పదివేలు పంపుతడు, అదీ కొన్ని నెలలే. ఫోన్ చేస్తే పడుకున్ననంటడు. ఏమన్నా చెడు అలవాట్లు అయినయేమోనని భయంగా ఉంది. పెళ్లి సంబంధాలు కూడా వస్తున్నయి.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, పదివేలు పంపే కొడుకు బుద్ధిమంతుడే. మీ ఉత్తరంలో అతని శిక్షణ అప్పు గురించి ఒక్క మాట లేదు. అప్పు ఎవరి పేరున ఉందో, కిస్తీ ఎంతో అడగండి. మీ అనుమానం చాలావరకు అక్కడే తీరిపోతుంది.

పైలట్ జీతం గని ఉద్యోగి జీతంలా ఒక ముద్దగా రాదు. కొంత స్థిరం, కొంత ఎగిరిన గంటలను బట్టి. ఆ స్థిరమైన భాగం ఎన్ని గంటలకు అన్నదే ఎప్పుడూ తగాదా. 2024 ఏప్రిల్‌లో విస్తారా పైలట్లు పెద్దసంఖ్యలో సెలవు పెట్టడంతో విమానాలు రద్దయ్యాయి. అప్పటిదాకా 70 గంటలకు స్థిరంగా వచ్చే డబ్బును, ఎయిర్ ఇండియాలో విలీనం సందర్భంగా 40 గంటలకు కుదించారన్నది వాళ్ల గోడు. కొత్తగా చేరిన కో-పైలట్లకే ఆ దెబ్బ ఎక్కువ తగిలింది. ఉద్యోగం నచ్చకపోతే మారిపోదామంటే, 2017 నుంచి ఉన్న డీజీసీఏ నిబంధన ప్రకారం కో-పైలట్ ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, కెప్టెన్ ఏడాది ముందు. వేరే ఏ ఉద్యోగంలో ఉందమ్మా ఇంత నోటీసు?

పడుకున్నానంటే నమ్మండి. తెల్లవారుజామున మూడింటికి లేచి డ్యూటీకి వెళ్లేవాడు మధ్యాహ్నం పడుకుంటాడు. పైలట్లకు వారానికి 36 గంటల విశ్రాంతిని 48 గంటలకు పెంచుతూ కొత్త నిబంధనలు 2025లో రెండు విడతలుగా అమల్లోకి వచ్చాయి. నవంబరులో రెండో విడత మొదలైంది. సరిపడా పైలట్లు లేక డిసెంబరు మొదట్లో ఇండిగో వేల విమానాలు రద్దు చేసింది. శంషాబాద్‌లో జనం పెట్టెల మీద కూర్చుని ఉన్న దృశ్యం మీరు టీవీలో చూసే ఉంటారు. పైలట్ నిద్ర ఎంత ముఖ్యమో దేశమంతటికీ ఆ వారం తెలిసింది.

సంబంధాల విషయంలో ఒక్క సలహా. ‘ఐదు లక్షలు’ అన్న చుట్టాన్ని మధ్యవర్తిగా పెట్టుకోకండి. పిల్ల తరఫువాళ్లకు జీతంతో పాటు కిస్తీ కూడా చెప్పండి.

*

ప్రశ్న: నేను రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ని. మా మనవడు టెక్సాస్‌లో విమానం నేర్చుకుని అక్కడే నేర్పే పని చేద్దామనుకుంటున్నాడు. అమెరికాలో పైలట్లకు బాగా ఇస్తారు కదా? అక్కడ కూడా ఈ తక్కువ జీతాల గొడవ ఉందా?
– భద్రాచలం

జవాబు: మాస్టారూ, గొడవ అక్కడే ముందు బయటపడింది, అదీ యాభై ప్రాణాలు పోయాక. 2009 ఫిబ్రవరి 12 రాత్రి కోల్గన్ ఎయిర్ 3407 విమానం బఫలో నగరం దగ్గర కూలింది. లోపలున్న 49 మందీ, కింద ఇంట్లో ఉన్న ఒకరూ చనిపోయారు. విమానం వేగం పడిపోయి హెచ్చరిక వచ్చినప్పుడు కెప్టెన్ చేయకూడని పని చేశాడని దర్యాప్తు తేల్చింది. ఆ విచారణలోనే కో-పైలట్ జీతం కూడా బయటికి వచ్చింది. ఆమె వయసు 24. ఏడాదికి 16 వేల డాలర్ల పైచిలుకు. డ్యూటీ ఊళ్లో గది అద్దె భరించలేక తల్లిదండ్రుల దగ్గర సియాటెల్ వైపు ఉంటూ, ముందు రాత్రంతా విమానాలు మారుతూ దేశం ఆ కొస నుంచి ఈ కొసకు డ్యూటీకి వచ్చింది. టికెట్ మీద పెద్ద సంస్థ పేరు చూసి ఎక్కిన ప్రయాణికులకు, నడిపేది చిన్న అనుబంధ సంస్థ అని, జీతాలు ఇలా ఉంటాయని తెలియదు.

2010లో చట్టం చేశారు. 2013 నుంచి కో-పైలట్‌కు కూడా మామూలుగా 1,500 గంటలు తప్పనిసరి అయింది. జీతం పెంచమని ఆ చట్టం ఎక్కడా చెప్పలేదు. పైగా కుర్రాళ్లు ఆ గంటల కోసం చిన్న విమానాల్లో తక్కువ డబ్బులకు నేర్పుతూ గడిపే కాలం పెరిగింది. జీతాలు నిజంగా కదిలింది కోవిడ్ తర్వాత. పైలట్లు దొరకని పరిస్థితి వచ్చాక, 2022 జూన్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అనుబంధ సంస్థలు మొదటి ఏడాది కో-పైలట్‌కు గంటకు 90 డాలర్లు ఇస్తామన్నాయి. అప్పటివరకు ఇంచుమించు యాభై డాలర్లే పలికిన పని అది. చనిపోయినవాళ్ల కుటుంబాల కన్నీళ్లతో రాని పెంపు కొరతతో వచ్చింది. కొరత తీరితే ఏమవుతుందో అనుభవజ్ఞులైన మీకు నేను చెప్పాలా?

మనవడు డబ్బు కట్టేముందు వీసా చూసుకోమనండి. చదువుకు ఇచ్చే వీసాల్లో రకాన్ని బట్టి, జీతానికి నేర్పే పని చేయనిస్తారా, ఎంతకాలం చేయనిస్తారు అన్నది మారుతుంది. 1,500 గంటలు పూర్తికాకముందే గడువు అయిపోతే ఇంటికి రావాలి. వచ్చాక ఇక్కడ లైసెన్సు మార్చుకోవడానికి డీజీసీఏ పేపర్లు మళ్లీ రాయాలి.

*

ప్రశ్న: సీపీఎల్ ఉంది. ఇరవై రెండు లక్షలు పెట్టి సొంతంగా టైప్ రేటింగ్ చేస్తే ఉద్యోగం పక్కా అని ఒక ఏజెంట్ అంటున్నాడు. ఏ విమానం మీద చేయాలి, ఎయిర్‌బసా, బోయింగా?
– బూర్గంపాడు

జవాబు: రెండూ వద్దు, ఆఫర్ లెటర్ చేతికి వచ్చేదాకా. టైప్ రేటింగ్ చేసి వాడకుండా కూర్చుంటే కొన్ని నెలలకే మళ్లీ సిమ్యులేటర్‌లో డబ్బు పోసి దాన్ని బతికించుకోవాలి. మీరు ఎయిర్‌బస్ మీద చేశాక బోయింగ్ సంస్థ పిలిస్తే ఆ ఇరవై రెండు లక్షలూ గోడకు వేలాడదీసుకునే కాగితం. ‘పక్కా’ అంటున్న ఏజెంటును ఒకటి అడగండి: ఉద్యోగం రాకపోతే ఎన్నాళ్లలో ఎంత తిరిగి ఇస్తాడో స్టాంపు కాగితం మీద రాసి, సంతకం చేయమనండి. రాసిస్తే ఆ కాగితం కాపీ నాకు పంపండి, ఇప్పటివరకు అలాంటిది ఒక్కటీ చూడలేదు. ఈలోగా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, మెడికల్ గడువు దాటకుండా చూసుకోండి. పాల్వంచ అమ్మాయికి ఇచ్చిన జవాబు కూడా చదవండి.